ఇండక్షన్ స్టవ్ కంపెనీల వారికి: ఆ ‘ఈ-3’ అంటే ఏంటో స్టవ్ మీదే రాయండి

ఇండక్షన్ స్టవ్‌లు తయారుచేసే కంపెనీల వారికి, ముఖ్యంగా ఆ ఎర్ర డిస్‌ప్లేలో ఏ అంకె ఎప్పుడు వెలగాలో నిర్ణయించే ఇంజినీర్లకూ, మాన్యువల్ రాసేవాళ్లకూ, సర్వీస్ ఫోన్ ఎత్తేవాళ్లకూ,

నమస్కారం. మీ ముగ్గురికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా అడిగితే ఎవరికి వారు "అది మా పని కాదండీ" అని పక్కవాళ్లను చూపిస్తారని ఈమధ్యే తెలిసొచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ జబ్బు ఒక్కరిది కాదు. మా ఇంట్లో, చుట్టాల ఇళ్లలో కలిపి నాలుగు కంపెనీల స్టవ్‌లు చూశాను, నాలుగూ ఒకే బడిలో చదువుకున్నట్టున్నాయి.

జరిగింది ఇదీ. ఒక రాత్రి వంట సగంలో ఉండగా మా స్టవ్ కీక్ కీక్‌మని అరిచి ఆగిపోయింది. చూస్తే ఈ-3. ఈ మూడేంటి, ఏ మూడు? మాన్యువల్ ఎక్కడుందో దేవుడికెరుక. ఫోన్‌లో వెతికితే ఒకచోట కరెంటు వోల్టేజ్ ఎక్కువైందని, ఇంకోచోట సెన్సర్ పోయిందని, మరోచోట లోపల వేడెక్కిందని ఉంది. మూడూ నిజమేనట, మూడు కంపెనీలకు! మా చెల్లెలి స్టవ్‌కైతే ఈ-3 అంటే వోల్టేజే, కాబట్టి నేనూ అదే అనుకుని ఆపేసి కూర్చున్నాను. అరగంట తర్వాత వేస్తే బ్రహ్మాండంగా పనిచేసింది, పది నిమిషాలు. మళ్లీ ఈ-3. సరే రాత్రిపూట కరెంటు అలాగే ఉంటుందిలే అని పొద్దున వేశాను. మళ్లీ పది నిమిషాలు, మళ్లీ ఈ-3. ఇలా రెండు రోజులు కరెంటును తిట్టుకుంటూ గడిపాను, పాపం దానికి ఏ సంబంధమూ లేదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ముందు మోడల్ నంబర్ అడిగారు. అది స్టవ్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. ఏళ్ల తరబడి తడిగుడ్డతో తుడిచీ తుడిచీ అందులో సగం అక్షరాలు అరిగిపోయాయి. ఉన్న సగం చదివి వినిపించాను. "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడం" అన్నారు. అది రెండు రోజులుగా చేస్తున్న పనే కదండీ అంటే, అయితే మెకానిక్‌ను పంపిస్తామన్నారు. ఈ-3 అంటే ఏంటో మాత్రం చెప్పండి చాలు అని అడిగాను. అది టెక్నీషియన్ చూసి చెప్తారట.

ఆయన వచ్చాడు. స్టవ్‌ను తిరగేశాడు, అడుగున ఫ్యాన్ దగ్గరున్న కంతల్లోకి టార్చి వేసి చూశాడు, మూత విప్పి బ్రష్ పెట్టి ఊడ్చాడు. జిడ్డూ దుమ్మూ వెంట్రుకలూ కలిసి ముద్దకట్టిన చెత్త ఒక గుప్పెడు బయటికొచ్చింది. ఫ్యాన్ రెక్కను వేలితో తిప్పి చూసి, మూత బిగించి, ప్లగ్గు పెట్టాడు. అంతే. "ఈ మోడల్‌కి ఈ-3 అంటే లోపల వేడెక్కిందని మేడం" అన్నాడు. మరి ఆ మాట ఫోన్‌లో ఎందుకు చెప్పలేదు? "లిస్ట్ మా దగ్గరే ఉంటుంది మేడం" అన్నాడు, అదేదో ఇంటి పెద్దల మధ్య నడిచే రహస్యం అన్నట్టు.

నాకు కోపం వచ్చింది స్టవ్ ఆగినందుకు కాదు. ఆగడమే దాని ధర్మం. ఫ్యాన్ తిరగకపోతే లోపలి ఐజీబీటీ, అంటే కాయిల్‌కు కరెంటును సెకనుకు ఇరవై వేలసార్లకు పైగా ఆన్ ఆఫ్ చేసే ఆ పెద్ద ట్రాన్సిస్టర్, నిమిషాల్లో కాలిపోతుంది. దాన్ని పట్టుకుని ఉండే అల్యూమినియం దిమ్మ మీద ఒక చిన్న సెన్సర్ ఉంటుంది, అది వేడి చూసి సమయానికి ఆపేసింది. అంటే నా స్టవ్ తెలివిగానే పనిచేసింది, తనకేమైందో తనకు కచ్చితంగా తెలుసు కూడా. ఆ తెలిసిన సంగతి నాకు చెప్పేచోట మాత్రం మీరు ఒక అక్షరమూ ఒక అంకే పెట్టి నోరు కట్టేశారు.

ఆ తర్వాత కొన్నాళ్లు నాకు ఇదే పిచ్చి పట్టింది. తెలిసినవాళ్లను అడిగాను, దొరికిన మాన్యువల్‌లన్నీ చదివాను, ఆ మెకానిక్‌ను ఫోన్‌లో విసిగించాను (ఓపికమంతుడు). తేలిందేమిటంటే, ఈ కోడ్‌లు ఎన్ని ఉన్నా స్టవ్ చెప్పదలచుకునే విషయాలు గట్టిగా ఐదారు మించి లేవు. గిన్నె కనబడటం లేదు. గిన్నె మరీ వేడెక్కింది. నా లోపల వేడెక్కింది. కరెంటు తక్కువగా వస్తోంది, లేదా ఎక్కువగా వస్తోంది. నా సెన్సర్ తెగింది. పెద్ద స్టవ్‌లలోనైతే పైన టచ్ ప్యానెల్‌కూ కింద పవర్ బోర్డుకూ మాటల్లేవు అన్నది ఇంకొకటి. ఇందులో సగానికి పైగా అసలు రిపేరే కాదు. ఇంట్లోవాళ్లు గిన్నె మార్చో, గోడకు కాస్త ఎడంగా జరిపో, ప్లగ్గు సరిచేసో బాగుచేసుకోగలిగినవి. ఆ సగాన్నీ ఈ సగాన్నీ ఒకే ‘ఈ’ కింద కలిపేసి, ఈ-0 నుంచి వరసగా మీకు తోచినట్టు నంబర్లు వేసుకుంటూ పోయారు.

గిన్నె సంగతే తీసుకోండి. గిన్నె అడుగు అయస్కాంతానికి అంటుకోకపోతే స్టవ్ పనిచేయదు. ఇనుము అయితే సరే, వట్టి అల్యూమినియం, రాగి పనికిరావు, స్టీల్‌లో కూడా కొన్ని రకాలకే అయస్కాంతం అంటుకుంటుంది, అందుకే పైకి ఒకేలా మెరిసే రెండు గిన్నెల్లో ఒకటి వేడెక్కుతుంది, ఇంకొకటి కోడ్ చూపిస్తుంది. అడుగు మరీ చిన్నదైనా అంతే, చాలా స్టవ్‌లకు పన్నెండు సెంటీమీటర్లయినా ఉండాలి. ఇంట్లో ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం బొమ్మ ఒకటి ఉంటే రెండు సెకన్లలో తేలిపోయే విషయం ఇది. కొన్ని స్టవ్‌లు ఇక్కడ కాస్త దయ చూపిస్తాయి, గిన్నె బొమ్మలాంటి గుర్తు వెలిగిస్తాయి. మిగతావి ఈ-0 అనో ఈ-1 అనో చూపించి, నిమిషంపాటు టిక్ టిక్‌మని వెతికి వెతికి ఆగిపోతాయి. ఆ టిక్ టిక్ ఏంటో తెలియక స్టవ్ పేలుతుందేమోనని మా అత్తయ్య వంటింట్లోంచి బయటికి వచ్చేసింది. గిన్నె ఉందా లేదా అని కాయిల్ చిన్న చిన్న పల్స్‌లు పంపి చూసుకునే చప్పుడండీ అది, ఆ ఒక్క ముక్క మీ మాన్యువల్‌లో ఎక్కడా లేదు.

ఇంకా విచిత్రం, కొన్ని స్టవ్‌లలో ‘హెచ్’ అని వెలుగుతుంది. తప్పేమీ జరగలేదు, గాజు ఇంకా వేడిగా ఉంది ముట్టుకోకండి అని చెప్తోంది. ‘ఎల్’ అంటే చాలావాటికి పిల్లల లాక్ పడిందని. ఈ రెండు అక్షరాలు చూసి సర్వీస్‌కు ఫోన్ చేసి మనిషిని పిలిపించుకున్నవాళ్లు నాకు తెలుసు. ఆ మనిషి వచ్చి ఒక బటన్ మీద వేలు పెట్టి మూడు సెకన్లు ఉంచి వెళ్లిపోయాడు. అంతమాత్రానికి ఒకరి సెలవూ ఇంకొకరి ప్రయాణమూ ఖర్చయ్యాయి.

డిస్‌ప్లే చిన్నది, ఏడు గీతలతో ఏ అక్షరమైనా రాయలేం అంటారు, తెలుసు. నిజమే, ఆ ఏడు గీతలతో ‘ఎమ్’ కూడా సరిగ్గా రాదు. నేను డిస్‌ప్లేను పెద్దది చేయమనడం లేదు. దాని పక్కన ఖాళీగా మెరుస్తున్న జానెడు గాజు ఉంది కదా, మీ పేరు బంగారు అక్షరాల్లో రాసుకున్న చోటు, దాని సంగతి అడుగుతున్నాను.

అసలైన కిటుకు ఒకటి నాకు ఆ మెకానిక్ నేర్పించాడు, మీరు నేర్పించాల్సింది. కోడ్ ఏంటన్నదానికంటే అది ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యమట. ప్లగ్గు పెట్టి ఆన్ చేసిన మరుక్షణమే, స్టవ్ చల్లగా ఉండగానే వస్తే అది వేడి సంగతి కాదు, సెన్సర్ తీగ తెగి ఉండాలి లేదా కరెంటు తేడా అయి ఉండాలి. పది పదిహేను నిమిషాలు వండాక వస్తే గాలి ఆడటం లేదు: ఫ్యాన్, కంతలు, గోడకు ఆనించి పెట్టడం, కింద బట్టో పేపరో పరిచి దాని మీద పెట్టడం. తక్కువ మంట మీద గంటలు నడిచి, పవర్ పూర్తిగా పెంచగానే వస్తే ముందు ప్లగ్గూ వైరూ చూసుకోవాలి. (మంట అన్నాను చూశారా, ఇండక్షన్‌కు మంట లేదు, నోరు పాత అలవాటు మానదు.) ఖాళీ గిన్నె పెట్టినప్పుడో, అడుగు సొట్టపోయిన గిన్నె పెట్టినప్పుడో మాత్రమే వస్తే స్టవ్‌కు ఏ రోగమూ లేదు, గిన్నె మార్చాలి. ఈ నాలుగు వాక్యాలు నాకు ముందే తెలిసుంటే, పది నిమిషాల తర్వాత వస్తున్న కోడ్‌ను పట్టుకుని రెండు రోజులు వోల్టేజ్ వోల్టేజ్ అని జపం చేసేదాన్ని కాదు.

వోల్టేజ్ సంగతి మా చెల్లెలి ఇంట్లో చూశాను. దాని స్టవ్ తక్కువ వోల్టేజ్ కోడ్ చూపిస్తుంది, అదీ రెండు వేల వాట్లకు పెంచితేనే. కరెంటు వాళ్లకు ఫోన్ చేస్తే మీటర్ దగ్గర బాగానే ఉందన్నారు. ఉంటుంది మరి. స్టవ్ పెట్టింది గోడ సాకెట్‌లో కాదు, సన్నటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో. 230 వోల్టుల మీద రెండు వేల వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు. అంత కరెంటు ఆ దారప్పోగులాంటి వైరులోంచి లాగితే దారిలోనే వోల్టులు కొన్ని వేడిగా మారిపోతాయి, స్టవ్ దగ్గరికి చేరేసరికి తక్కువ పడతాయి, స్టవ్ ఉన్నమాట చెప్తుంది. బోర్డు మీద చెయ్యి పెడితే చుర్రుమంది. అంటే ఆ కోడ్ స్టవ్ గురించి కాదు, ఇల్లు అంటుకోకముందు వచ్చిన హెచ్చరిక! దాన్ని ‘ఈ-3’ అని రాసి ఊరుకుంటే ఎవరికి అర్థమవుతుంది? ఇంట్లోవాళ్లు ఏం చేస్తారంటే పవర్ తగ్గించుకుని అదే బోర్డు మీద వండుకుంటూ పోతారు. మా చెల్లెలు మూడు నెలలు అదే చేసింది.

ఇక సెన్సర్. గాజు కింద, కాయిల్ నడిమధ్యన, తెల్లటి పేస్టు పూసి గాజుకు అదిమిపెట్టి ఉంటుంది, బియ్యపు గింజంత. ఎన్‌టీసీ అంటారు, వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గిపోతుంది. బాగా వాడకంలో ఉన్న రకం గది వేడిలో లక్ష ఓమ్‌లు ఉంటే మరుగుతున్న నీటి వేడికి ఏడు వేల దాకా పడిపోతుంది. బోర్డు ఆ నిరోధం చూసి గిన్నె ఎంత వేడిగా ఉందో లెక్క కడుతుంది. దాని తీగ తెగిపోతే నిరోధం అనంతం, బోర్డుకు అది మంచుకొండ మీద ఉన్నంత చల్లగా అనిపిస్తుంది. తీగలు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోతే నిప్పుల్లో ఉన్నట్టు. రెండూ నమ్మశక్యం కాని సంగతులు కాబట్టి సెన్సర్ పోయింది అని తేల్చుకుని ఆగిపోతుంది. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి. నిజానికి చాలాసార్లు సెన్సర్ కూడా పోదు, బోర్డులోకి గుచ్చే దాని కనెక్టర్ వదులవుతుందట, లేదా దాని దగ్గర బొద్దింక కాపురం పెడుతుందట. బొద్దింకలకు ఇండక్షన్ స్టవ్ అంటే ప్రాణం: వెచ్చదనం, చీకటి, జిడ్డు, అన్నీ ఒకేచోట. మెకానిక్ చెప్పిన బొద్దింక కథలు ఇక్కడ రాయను, వంటింట్లో కూర్చుని చదివేవాళ్లుంటారు.

ఇప్పుడు మా పిన్నిగారి స్టవ్‌కు ఏమైందంటే, ఇదే సెన్సర్ కోడ్ వచ్చింది. సర్వీస్ వాళ్లు చూసి మొత్తం బోర్డు మార్చాలన్నారు. సెన్సర్ ఒక్కటీ ఇవ్వరా అంటే అది విడిగా రాదట. బోర్డు ఖరీదు విని పిన్ని కొత్త స్టవ్ కొనుక్కుంది, పాతది అటక మీద పెట్టింది. బియ్యపు గింజంత వస్తువు కోసం స్టవ్ అటకెక్కింది. బయటి మెకానిక్‌తో చేయించుకుందామంటే కోడ్‌ల పట్టిక మీరు వాళ్లకివ్వరు, సర్క్యూట్ బొమ్మ ఇవ్వరు, విడిభాగం అమ్మరు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, అచ్చం అలాగే ఉంది మీ వరస.

ఇది లోకంలో ఎక్కడా చేయలేని పనైతే అడగను. కార్లను చూడండి. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నిటికీ ఓబీడీ-2, అంటే కారులో తప్పేంటో కోడ్‌లతో చెప్పే ఒకే తరహా ఏర్పాటు, తప్పనిసరి చేశారు. పీ0301 అంటే ఏ కంపెనీ కారైనా సరే, ఒకటో సిలిండర్ సరిగ్గా మండటం లేదని అర్థం. మీకంటూ ప్రత్యేకంగా కోడ్‌లు కావాలంటే పీ1తో మొదలుపెట్టుకోండి, పీ0 మాత్రం అందరికీ ఒకటే అన్నారు. అంత పోటీ పడే కార్ల కంపెనీలు ఒక బల్ల ముందు కూర్చుని వేలకొద్దీ కోడ్‌లకు ఒకే అర్థం ఒప్పుకున్నాయి, మీరు ఐదారింటికి ఒప్పుకోలేరా? యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చిలో అమల్లోకొచ్చిన నిబంధనల్లో వాషింగ్ మెషీన్లకూ డిష్‌వాషర్లకూ ఫ్రిజ్‌లకూ రిపేరు సమాచారం, అందులో కంపెనీ సొంత ఎర్రర్ కోడ్‌లతో సహా, బయటి వృత్తి మెకానిక్‌లకు ఇవ్వాలని పెట్టారు. మీలో చాలామంది ఆ వస్తువులు కూడా తయారుచేసేవాళ్లే. గుడ్డలు ఉతికే మెషీన్ కోడ్ చెప్పడానికి లేని అభ్యంతరం వంట చేసే స్టవ్ కోడ్‌కు ఎందుకొచ్చిందో.

భద్రత కోసం చెప్పం, జనం విప్పి షాక్ కొట్టించుకుంటారు అని ఒక వాదన విన్నాను. ఆ భయంలో నిజం ఉంది, కొట్టిపారేయను. ప్లగ్గు పీకేశాక కూడా లోపల కెపాసిటర్‌లలో గట్టి షాక్ కొట్టగల కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. ఈ ఉత్తరం చదివేవాళ్లెవరైనా మూత విప్పుదామనుకుంటే దయచేసి వద్దు, బయటినుంచి ఫ్యాన్ కంతలు ఊడ్చుకోవడం వరకే మన పని, అదీ ప్లగ్గు పీకి, చల్లారాక. గాజు బీటలిస్తే కోడ్ గురించి ఆలోచించడం కూడా వద్దు, ప్లగ్గు తీసి పక్కన పెట్టేయడమే. ఏ కోడూ లేకుండా, లైటు కూడా వెలక్కుండా చచ్చిపోయిన స్టవ్ అయితే చాలావరకు ఫ్యూజు పోయి ఉంటుంది, కానీ ఫ్యూజు సాధారణంగా ఒంటరిగా పోదు, ఐజీబీటీ కాలిపోతూ దాన్ని తీసుకుపోతుంది. ఉత్త ఫ్యూజు మారిస్తే ఢామ్మని మళ్లీ పోతుంది, తలగడ మారిస్తే తలనొప్పి తగ్గదు కదా. పనితెలిసిన మెకానిక్ సిరీస్ బల్బు, అంటే కరెంటు దారి మధ్యలో కలిపే ఒక బల్బు, పెట్టి చూశాకే నేరుగా కరెంటు ఇస్తాడు. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే జనం స్టవ్ విప్పేది అర్థం తెలిసి కాదండీ, తెలియకే. ఈ-3 అంటే ‘ఫ్యాన్ కంతలు శుభ్రం చేయండి’ అని రాసి ఉంటే ఎవడూ స్క్రూడ్రైవర్ జోలికి పోడు.

మా తప్పులు కూడా ఉన్నాయి, దాచను. స్టవ్‌ను గోడకు ఆనించి పెట్టింది నేనే. పనైపోగానే ఫ్యాన్ ఇంకా తిరుగుతుండగానే స్విచ్ కట్టేసే అలవాటూ నాదే, లోపలి వేడి బయటికి పోవడానికే అది కాసేపు తిరుగుతుందని ఇప్పుడు తెలిసింది. మామూలు గిన్నెలు వాడుకోవడానికి మధ్యలో ఇనుప పళ్లెం పెట్టే చిట్కా ఒకటి చూసి అదీ చేశాను, ఆ పళ్లెం ఎర్రగా కాలి గాజును కూడా కాల్చబోయింది, స్టవ్ పాపం అప్పుడూ ఏదో కోడ్ చూపించింది, నేను తిట్టి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాను. ఇవన్నీ చేయకూడదని మాన్యువల్‌లో ఉందేమో అంటారు, ఉంది. నలభై పేజీల పుస్తకంలో చీమల్లాంటి అక్షరాల్లో, స్నానపు తొట్టిలో పెట్టి వాడకండి అనే హెచ్చరిక పక్కన.

అందుకని నేను అడిగేది పెద్దగా ఏమీ లేదు. స్టవ్ అడుగున అరిగిపోయే కాగితపు స్టిక్కర్ కాకుండా, పక్కనో పైనో చెరగని అక్షరాల్లో కోడ్‌ల పట్టిక అచ్చువేయండి, ఎనిమిది వరసలు చాలు, ఒక్కోదాని ముందు కోడ్, పక్కన దాని అర్థం, ఆ పక్కన ఏం చేయాలి. వాడేవాళ్లు సరిచేసుకోగలిగినవాటికి ఒక అక్షరం, మెకానిక్ కావాల్సినవాటికి ఇంకో అక్షరం పెట్టండి, చూడగానే ఫోన్ చేయాలా వద్దా తెలియాలి. గిన్నె లేదనే సంగతిని అసలు ఎర్రర్ అనకండి. ఒకే కంపెనీలో ఒక మోడల్‌కు ఈ-1 గిన్నె లేదని, తర్వాతి మోడల్‌కు ఈ-1 సెన్సర్ పోయిందని పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు ఆ మీటింగ్‌లో ఏం తాగి కూర్చున్నారో నాకు రాయండి. ఫోన్ ఎత్తేవాళ్లకు కూడా ఆ పట్టిక ఇవ్వండి, "ఎప్పుడు వస్తోందండీ, ఆన్ చేయగానేనా, వండుతుంటేనా, పవర్ పెంచితేనా" అనే ఒక్క ప్రశ్న నేర్పించండి, మీ మెకానిక్‌ల తిరుగుడు సగం తగ్గకపోతే అడగండి. సెన్సర్‌నూ ఫ్యాన్‌నూ విడిగా అమ్మండి. బయటి మెకానిక్‌కు పట్టిక ఇస్తే మీ వ్యాపారమేం పోదు, బోర్డు మారుస్తూనే ఉంటారు, నిజంగా కాలిపోయినవాళ్లకు.

ప్రస్తుతానికి నా పట్టిక నేనే రాసుకున్నాను. అట్టముక్క మీద పెన్నుతో రాసి, పైన ప్లాస్టిక్ అతికించి, స్టవ్ వెనక గోడకు తగిలించాను. ఐదు వరసలు నిండాయి. ఆరోది ఖాళీగా ఉంది, ఎందుకంటే మా మోడల్‌కు ఈ-6 అంటే ఏంటని మీ కస్టమర్ కేర్‌కు రెండుసార్లు ఫోన్ చేస్తే ఒకసారి వోల్టేజ్ అన్నారు, ఇంకోసారి సెన్సర్ అన్నారు. అది ఇంకా రాలేదులెండి. వచ్చేలోగా ఎవరైనా ఒకరు కనుక్కుని చెప్తే ఆ వరస కూడా నింపుకుంటాను.

ఇట్లు,
రెండు రోజులు కరెంటును అనవసరంగా తిట్టిన ఒక ఇండక్షన్ స్టవ్ వాడకందారు